మీరంటే కోపం

పోయినవారం మిరియం తల్లి చేత బడి పెద్దమేడమ్ గది తలుపు మీద చెయ్యి వేయించి, అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆ చెయ్యి తలుపు మీదే ఉంది. ఆ తలుపు తీయించేముందు, దారిలో ఎక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని కదులుదాం.

మిరియం అంటే ఐదేళ్ళ పిల్ల. నిండైన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని టీకాలు వేయించేటప్పుడు తప్ప ఎవరూ బయటికి తీయరు. మనిషి గింజంత, ఘాటు గదినిండా, కాబట్టి మిరియం. తల్లి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. తండ్రికి వీధి చివర కళ్ళద్దాల షాపు. మొగుడూ పెళ్ళాలు కాకముందు ఇద్దరూ బావామరదళ్ళు. ఒకే వాకిట్లో కొట్టుకుంటూ పెరిగినవాళ్ళు, అందుకని పెళ్ళయినా "నువ్వు" పోలేదు, "బావా" పోలేదు. నానమ్మ ఆ తల్లికి ముందు మేనత్త, ఆ తర్వాతే అత్తగారు, కాబట్టి అక్కడా "నువ్వే". ఇక నానమ్మ సంగతి సరేసరి. ఇంజెక్షన్ పొడిచే డాక్టరైనా, మీటరు చూడ్డానికొచ్చిన కరెంటాయనైనా ఆవిడకి అందరూ "నువ్వే". "ఇలా కూర్చో నాయనా, ఎండనపడి వచ్చావు" అంటే ఎంతటి ఉద్యోగస్తుడైనా మారుమాట లేకుండా కూర్చోవాల్సిందే.

ఈ ముగ్గురూ మిరియానికి బడి వెతకడానికి బయల్దేరి కాళ్ళరిగేలా తిరిగారు. ఎవరి పరీక్ష వాళ్ళది. తండ్రి ఏ బడికి వెళ్ళినా తిన్నగా ఆఖరి బల్ల దగ్గరికి పోయి, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూస్తాడు. నానమ్మ బడి వదిలే వేళకు గేటుకి ఎదురుగా నిలబడి, పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారా, కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారా అని చూస్తుంది. తర్వాత లోపలికి దూరి కుళాయి నీళ్ళు తాగి, మరుగుదొడ్డి వాసన చూసి గానీ నోరు విప్పదు. తల్లి మాత్రం బడిని చెవులతో చూస్తుంది. పెద్దవాళ్ళు వరండాలో నడిచి వస్తుంటే తరగతి గదిలో గోల ఠక్కున ఆగిపోయిందా, ఇక ఆ బడి ఆమెకి అక్కర్లేదు.

ఆమె చిన్నప్పుడు బళ్ళో పెదవి కదిపితే చాలు, "నోర్మూసుకో" అనేవారు. చదువైనంతకాలం మూసుకునే కూర్చుంది. ఇప్పుడు ఎదురుగా మైకు ఉన్నా, బస్సుల వివరాలు తప్ప సొంతమాట ఒక్కటి అనే వీల్లేదు. కూతురి నోరు మాత్రం ఎవరూ మూయించకూడదని ఆమె పట్టు. తక్కినవేవీ లేకపోయినా ఫర్వాలేదనుకుంది గానీ, ఆ ఒక్కటే ఎక్కడా దొరకలేదు.

చివరికి గుట్ట మీద మెట్లబడిలో దొరికింది. పెద్దమేడమ్ పక్కనే నడుస్తున్నా ఏ గదిలోనూ గోల తగ్గలేదు. పైగా ఒక తరగతి గుమ్మంలో నిలబడితే, ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు తల కూడా ఎత్తకుండా "మేడమ్, వెలుతురుకి అడ్డం" అన్నాడు. ఆవిడ "అయ్యో" అని పక్కకి జరిగింది. ఆ జరగడం చూసి మిరియం తల్లి మనసు అక్కడే పారేసుకుంది.

తండ్రికి మాత్రం ఇంటి వెనకున్న మూలబడి నచ్చింది. అక్కడ ఆఖరి బల్లకి కూడా వెలుతురు దండిగా ఉంది. పిల్ల కళ్ళు నులుముకుంటూ నడిచి వెళ్ళొచ్చు, మోకాలు చీరుకుపోయిందంటే షాపు మూయకుండా పరిగెత్తొచ్చు. మెట్లబడిలో వెలుతురు తక్కువ, మెట్లు ఎక్కువ, ఫీజు సంగతి అడక్కండి. ఆ మాట మీదే నిన్న ఇద్దరికీ చెడింది. చెడగానే "బావ" కాస్తా "ఏమండీ" అయ్యాడు, ఆమె కాస్తా "మేడమ్ గారు" అయింది. మీరు నిర్ణయించేశాక ఇంకేముందిలెండి అని అతనూ, మీ పిల్ల మీ ఇష్టం అని ఆమే, ఇల్లంతా ఒకటే మర్యాదలు. సర్దిచెప్పాల్సిన నానమ్మేమో మెట్లబడి పేరెత్తగానే మోకాళ్ళు పట్టుకుని మంచమెక్కింది. ప్రతి బడికీ ముందుండి నడిచిన మనిషి ఈ ఒక్క బడి గడప తొక్కనంది. బట్టలారేయడానికి రోజూ మేడెక్కే మోకాళ్ళకి ఇప్పుడేమొచ్చిందని కొడుకు గొణిగాడు గానీ, పైకి వినబడేలా అనలేదు.

మెట్లబడిలో మిగిలింది ఒకే ఒక్క సీటు. పిల్లతో కాసేపు మాట్లాడి ఏ సంగతీ తేలుస్తానంది పెద్దమేడమ్. ఇదీ కథ. ఇక తలుపు తీద్దాం.

గది చిన్నది. బల్ల మీద పిల్లలు మరిచిపోయిన వస్తువులే కుప్పగా ఉన్నాయి. ఒంటి సాక్సు, మూతలేని నీళ్ళసీసా, ఎవరిదో ఊడిన పన్ను దాచిన అగ్గిపెట్టె. వాటి వెనక పెద్దమేడమ్, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. ఆవిడ వాటిని ముక్కు మీద పెట్టుకోగానే మిరియం తండ్రి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఎడమ కాడ వంగిపోయి, అద్దం కనుబొమ్మ మీదికెక్కి కూర్చుంది. అలాంటివి చూస్తే అతని చేతులు ఊరుకోవు.

తల్లికి ఉన్నది ఒకటే భయం, మిరియం అతిగా వాగుతుందని. బస్సులో వస్తూ పక్కసీటావిడ జడ నిజమైనదేనా అని అడిగింది. దిగేటప్పుడు డ్రైవరుకి తమ ఇంటి గొడవలన్నీ చెప్పేసింది. అందుకే గుమ్మం దాటుతూ, అడిగినదానికి మాత్రమే చెప్పు తల్లీ అని చెవిలో ఊదింది. ఊదిన మరుక్షణం ఆమెకి తన మీద తనకే చిరాకేసింది. నోరు మూయించని బడి కోసం ఊరంతా తిరిగొచ్చి, తీరా గుమ్మంలో తనే మూయిస్తోంది.

పెద్దమేడమ్ ముందుగా తమ బడి పద్ధతి చెప్పింది. ఇక్కడ ఆయా దగ్గర్నుంచి తన దాకా ఎవరూ పిల్లల్ని "నువ్వు" అనరు. పిల్లలూ మనుషులే కాబట్టి వాళ్ళకీ పెద్దవాళ్ళతో సమానంగా మర్యాద. పిల్లల ముందు పళ్ళికిలించి ముద్దుమాటలాడటం కూడా ఆవిడకి గిట్టదు. పెద్దవాళ్ళతో ఎంత గంభీరంగా ఉంటుందో వాళ్ళతోనూ అంతే. అది విని తల్లికి కడుపు నిండిపోయింది. చూశావా అన్నట్టు మొగుడి వైపు చూడబోయి, మాటల్లేవని గుర్తొచ్చి గోడ వైపు చూసింది.

"కూర్చోండి," అంది పెద్దమేడమ్ మిరియంతో. "మీరు వస్తారని పొద్దుట్నుంచీ చూస్తున్నాను."

మిరియం కూర్చోలేదు.

"మీకు ఏ ఆట ఇష్టమండీ?"

మిరియం కింది పెదవి ముందుకొచ్చింది. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది, ఆ తర్వాత ఇంకోటి. మంచినీళ్ళు తాగుతారా అంది, బొమ్మ గీస్తారా అంది. ఒక్కొక్క ప్రశ్నకీ పిల్ల ఒక్కొక్క అడుగు వెనక్కి వేసి, చివరికి తల్లి మోకాళ్ళ మధ్య దూరింది. బస్సు సీటుతో కూడా కబుర్లాడే పిల్ల, నిద్రలో కూడా ఎవరో ఒకరితో తగువులాడే పిల్ల, నోట్లో నాలుక లేనట్టు నిలబడింది. సీటు పోతుందన్న భయం కన్నా, ఈ మౌనం తన చిన్నప్పటి మౌనంలా ఉండటం తల్లిని ఎక్కువ కుదిపేసింది.

"మీరేగా మాట్లాడొద్దన్నారు," అన్నాడు తండ్రి గొంతు తగ్గించి.

"తక్కువ మాట్లాడమన్నాను. మీకు సగమే వినబడుతుంది లెండి."

"మీరు మైకులో చెప్పుంటే పూర్తిగా వినబడేది."

మిరియం తల్లిని చూసింది, తండ్రిని చూసింది, పెద్దమేడమ్‌ని చూసింది. ఇక ఆగలేకపోయింది. రెండు కళ్ళూ ఒకేసారి పొంగాయి.

"నేనేం చేశాను?" అంది పెద్దమేడమ్‌తో.

"ఏమీ చెయ్యలేదండీ మీరు."

ఓదార్పు అనుకుని ఆవిడ అన్న ఆ మాటకి పిల్ల భోరుమంది. జేబులో చెయ్యి పెట్టి నలిగిపోయిన పువ్వొకటి తీసి బల్ల మీద పెట్టింది. గేటు పక్క కోశానని, ఒక్కటే కోశానని, అది కూడా వాడిపోయిందే కోశానని వెక్కుతూ చెప్పింది. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పెద్దమేడమ్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పిల్ల ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"మిమ్మల్ని ఎవరైనా కోప్పడ్డారా?"

"నువ్వే."

"నేనా?"

"ఇందాకట్నుంచీ మీరు మీరు అంటున్నావు కదా. కోపమొస్తేనే కదా మీరంటారు."

ఆ మాట పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది మిరియం. అలా అని ఎవరు చెప్పారని పెద్దమేడమ్ అడిగితే, ఎవరూ చెప్పక్కర్లేదని, తనకి తెలుసని అంది. తెలిసినదంతా ముక్కు ఎగబీలుస్తూ వివరంగా చెప్పుకొచ్చింది. నాన్న ఇంట్లో మంచివాడే గానీ షాపులో ఒకటే కోపం. గోడ మీది అక్షరాలు కనబడటం లేదన్నవాళ్ళనందర్నీ మీరు మీరు అంటాడు, వాళ్ళు పాపం కళ్ళు చికిలించుకుని కూర్చుంటారు.

"అమ్మకైతే ఇంకా కోపం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బస్టాండులో అందరి మీదా అరుస్తుంది. మీ సామాను మీరే చూసుకోండి, మీ పిల్లల్ని మీరే చూసుకోండి అని. మైకులో."

పెద్దమేడమ్ భుజాలు కదలడం మొదలెట్టాయి. తండ్రి గట్టిగా పైకప్పు వైపు చూస్తూ పెదవి కొరుక్కున్నాడు.

"నానమ్మ ఒక్కతే మంచిది," అని ముగించింది మిరియం. "ఎవరి మీదా కోపం రాదు. ఎప్పుడూ ఎవర్నీ మీరు అనదు."

అక్కడితో ఆగి ఉంటే అందరూ నవ్వేసి ఊరుకునేవారు. మిరియం ఏ విషయాన్నీ సగంలో వదిలే రకం కాదు.

"నిన్నట్నుంచి అమ్మా నాన్నా కూడా మీరు మీరు అనుకుంటున్నారు. నా బడి వల్లే. నాకు బడొద్దు."

తండ్రి పైకప్పు మీంచి చూపు దించాడు. తల్లికి ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చినట్టయింది. ఎన్ని బళ్ళ చప్పుళ్ళు విన్నది తను, ఎన్ని వరండాల్లో చెవులు రిక్కించి నిలబడింది. సొంత ఇంట్లో ఏం వినబడుతోందో ఒక్కసారైనా వినలేదు. గొంతు పెంచకుండా, మర్యాదగా పోట్లాడుకుంటున్నాం కదా, పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకుంది. పిల్లకి ఆ మర్యాదే తెలిసిపోయింది. ఆమెకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, ఇంత గింజ ఇంత లెక్క ఎప్పుడు కట్టిందా అని గర్వంగానూ ఉంది. ఏది ముందో తేలలేదు.

తండ్రి సంచిలోంచి నీళ్ళసీసా తీసి, మూత తిప్పి, ఆమెకి అందించాడు.

"నువ్వు ముందు ఈ నీళ్ళు తాగు," అన్నాడు.

అరడజను బస్సుల హారన్ల మధ్య కూడా ఏది ఏ బస్సో చెప్పగల చెవులు ఆమెవి. ఆ చెవులకి ఆ చిన్న "నువ్వు" ఎంత తియ్యగా వినబడిందో చెప్పలేం. రెండు గుక్కలు తాగి సీసా తిరిగి ఇచ్చింది.

"నువ్వూ తాగు బావా."

మిరియం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో. పిల్ల గౌను అంచుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు నవ్వింది పెద్దమేడమ్, అంతసేపూ ఆపుకున్నదంతా కలిపి. నేలమీద కూర్చున్న మనిషి బల్లకోడుని పట్టుకుని నవ్వింది. కళ్ళద్దాలు జారి ఒళ్ళో పడ్డాయి. ఇంతకాలంగా ఎంతమంది పిల్లలకో మర్యాద ఇస్తున్నాననుకుని మురిసిపోయానని, వాళ్ళలో ఎంతమంది హడలిపోయి ఊరుకున్నారోనని, తల పట్టుకుని మళ్ళీ నవ్వింది. జారిపడ్డ కళ్ళద్దాలు చూసి తండ్రి ఇక ఉండబట్టలేకపోయాడు. ఒక్క నిమిషం ఇవ్వండి అని తీసుకుని, చొక్కా జేబులోని బుల్లి స్క్రూడ్రైవరు బయటికి లాగాడు.

"అయితే నిన్ను నువ్వు అననా?" అంది పెద్దమేడమ్ మిరియంతో.

"ఊఁ."

"మరి ఇక్కడ టీచర్లందరికీ మీరు అనడమే అలవాటు. వాళ్ళనేం చేద్దాం?"

మిరియం ఆలోచించింది. వాళ్ళందరికీ కోపం లేదని ఎలా తెలియాలో తేల్చడం చిన్న పనేం కాదు. కాసేపటికి దారి దొరికింది.

"నవ్వుతూ అనమను. నవ్వుతూ మీరంటే నువ్వు అన్నట్టే."

"నవ్వితే నువ్వు," అంది పెద్దమేడమ్ తనలో తను అనుకుంటున్నట్టు. ఆవిడకి ఆ మాట నచ్చినట్టుంది, ఇంకోసారి అంది.

ఆ తర్వాత మిరియాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. అగ్గిపెట్టెలో పన్ను ఎవరిదో కనుక్కుంది. ఒంటి సాక్సు చెయ్యికి తొడుక్కుని దాంతో మాట్లాడించింది. ఈ బళ్ళో మాట్లాడితే ఏం చేస్తారని నిలదీసింది. వింటామని చెబితే, ఎంతసేపు వింటారని అడిగింది. గంట కొట్టేదాకా అంది పెద్దమేడమ్. గంట ఎవరు కొడతారని అడిగింది మిరియం, ఆ ఉద్యోగం మీద అప్పుడే కన్ను వేసి. తల్లి కుర్చీలో వెనక్కి వాలి వింటూ కూర్చుంది. ఈ వాగుడు కోసమే కదా ఇంత తిరిగింది, ఎంత వాగినా వినాలనిపించింది.

తండ్రి కాడ సరిచేసిన కళ్ళద్దాలు తుడిచి ఇచ్చాడు. పెద్దమేడమ్ పెట్టుకుని గోడ గడియారం చూసి, కిటికీ బయట చెట్టు చూసి, ఇన్నాళ్ళూ ఈ లోకం వంకరగా ఉందనుకున్నానంది. అతను తలగీరుకున్నాడు. మూలబడిలో వెలుతురు బాగుందన్న మాట నిజమేనని, కానీ అక్కడ ఎవరూ తన కూతురి కోసం నేలమీద కూర్చోలేదని చెప్పాడు. ఆఖరి బల్ల పైన ఒక దీపం మాత్రం కావాలన్నాడు.

"పెట్టిద్దాం. ఎక్కడ పెట్టాలో నువ్వే వచ్చి చూపించు," అంది పెద్దమేడమ్. అన్నాక గానీ ఏమందో తెలియలేదు. మిరియం సాక్సు చేత చప్పట్లు కొట్టించింది.

సీటు వచ్చేసినట్టేనని తల్లి గట్టిగా ఊపిరి తీసుకోబోయింది. పెద్దమేడమ్ చెయ్యెత్తి ఆపింది. ఒకటి మిగిలిందట. పిల్లకి దారిలో చెప్పుకునే కబుర్లే సగం చదువని ఆవిడ నమ్మకం. అందుకే సాయంత్రం పిల్లని ఇంటికి తీసుకెళ్ళేదెవరో వాళ్ళని తను కళ్ళారా చూడాలి. చూడకుండా ఇప్పటిదాకా ఎవరికీ సీటు ఖాయం చెయ్యలేదు, ఎవరి కోసమూ ఆ పద్ధతి మార్చలేదు. ఈ సీటు కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, రేపటిలోగా ఆ మనిషిని తీసుకురమ్మంది.

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. తీసుకెళ్ళేది నానమ్మ. మెట్లబడి మాట వింటేనే మంచమెక్కే నానమ్మ.

మోకాళ్ళ నొప్పులండీ అని తల్లి నీళ్ళు నమిలింది. ఈలోగా బయట చినుకులు మొదలయ్యాయి. పెద్దమేడమ్ మూలనున్న పెద్ద గొడుగు తీసి, మెట్ల దాకా వస్తాను పదండంది. వరండాలో నడుస్తుంటే అన్ని గదుల్లోంచీ గోల వస్తూనే ఉంది. మిరియం ఆవిడ వేలు పట్టుకుని ముందు నడుస్తూ, గంట తాడు ఎంత ఎత్తులో ఉండాలో బేరమాడుతోంది. వెనక తండ్రి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. ఎలాగైనా అమ్మని ఒప్పిద్దాం, కావాలంటే ఎత్తుకొద్దామన్నాడు. ఆమె నవ్వింది.

ఎత్తుకు రావాల్సిన అవసరం లేకపోయింది. మెట్లన్నీ ఎక్కి, పైమెట్టు మీద నిలబడి, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, ఇంకో చంకలో మిరియం రెయిన్‌కోటు పెట్టుకుని రొప్పుతోంది నానమ్మ.

"మబ్బు పట్టింది కళ్ళకి కనబళ్ళేదా మీ ఇద్దరికీ? పిల్ల తడిసిపోదూ?" అంది. మిరియం గొడుగు కిందనుంచి పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి చుట్టుకుంది. రానన్న మనిషి తనంతట తనే వచ్చింది, చూడాల్సిన మనిషి ఎదురుగానే ఉంది, ఇంకేం కావాలి. మా అత్త, అని తల్లి పెద్దమేడమ్‌కి చెప్పబోయి పక్కకి తిరిగింది.

పెద్దమేడమ్ చేతిలో గొడుగు పక్కకి ఒరిగిపోయి ఉంది. చినుకులు నెత్తిన పడుతున్నా ఆవిడ కదలడం లేదు. కొత్తగా సరిచేసిన కళ్ళద్దాల్లోంచి నానమ్మనే చూస్తోంది.

నానమ్మ కూడా తలెత్తి చూసింది. రొప్పడం ఆగింది. రెయిన్‌కోటు చంకలో గట్టిగా అదుముకుంది.

"బాగున్నారా మీరు?" అంది.

డాక్టర్ని అనని మాట, మీటరాయన్ని అనని మాట. మిరియం నానమ్మ మొహంలోకి తేరిపార చూసి, మెల్లగా తల్లి దగ్గరికి నడిచొచ్చి కొంగు లాగింది.

"అమ్మా, నానమ్మ నవ్వకుండా అంది."

పెద్దమేడమ్ గొడుగు ముడిచేసి, వానలోనే ఒక మెట్టు కిందికి దిగింది.

"ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదా నీకు?" అంది.